లెక్కలోకి రాని మలీదా

నేను ఏఎన్ఎం ఉద్యోగంలో చేరి ముప్పయ్యేళ్లయింది. వనపర్తిలో పుట్టాను, అచ్చంపేట వైపు పదేళ్లు తిరిగాను, ఇప్పుడు అలంపూరులో రిటైర్మెంటుకు రెండేళ్ల దూరంలో ఉన్నాను. జనం నాతో ఎన్ని అబద్ధాలాడారో చెప్పలేను. గోళీలు రోజూ వేసుకుంటున్నాం మేడం అంటారు. డబ్బా తెరిస్తే పోయిన నెల ఇచ్చినవి ఇచ్చినట్టే ఉంటాయి. అబద్ధాలాడేవాళ్లతో నాకు పేచీ లేదు, నాలుగు తిట్టి దారికి తెచ్చుకుంటాను. నన్ను ముప్పుతిప్పలు పెట్టిన మనిషి ఒక్కతే, ఆమె నాతో ఎన్నడూ అబద్ధం ఆడలేదు. ఆమె పేరు రజియాబీ.

గుడికి వెళ్లే వీధిలో ఆమెది గాజుల అంగడి. అసలు ఆ అంగడి ఆమె భర్త అబ్దుల్ వహాబ్‌ది. ఆయన పోయినప్పటి నుంచి ఆమే నడుపుతోంది. అరవై దాటిన మనిషి. ఎంత బిరుసు చెయ్యి అయినా సరే, బొటనవేలి కింద ఒక్క నొక్కు నొక్కి, మాటల్లో పెట్టి, డజను గాజులు ఎక్కించేది. ఎక్కాయన్న సంగతి మనం చేతి వైపు చూస్తే గాని తెలిసేది కాదు. గుడికొచ్చిన ఆడవాళ్లు దర్శనం ఆలస్యమైనా సరేనని ఆమె దగ్గర కూర్చునేవాళ్లు. సీమంతాలకూ పెళ్లిళ్లకూ ఇళ్లకు పిలిపించుకునేవాళ్లు.

రెండేళ్లుగా ఆ చెయ్యి తడబడుతోంది. చూపు మసకేసింది. ఎరుపేదో మెరూనేదో కొనేవాళ్లనే అడుగుతోంది. మొన్న వేసవిలో ఒక పెళ్లింట్లో గాజు పగిలి పెళ్లికూతురి మణికట్టు తెగింది. ఆ ఇంటివాళ్లు ఆమెను ఏమీ అనలేదు కానీ ఆ తర్వాత ఎవరూ ఇంటికి పిలవలేదు. కర్నూలులో కళ్ల డాక్టరు చూసి, కంటి వెనక నరాలు కారుతున్నాయి, నాలుగు నెలల్లో షుగర్ దారికి రాకపోతే నేను చేసేది ఏమీ ఉండదు, అని చెప్పాడు. షుగర్ ఆమెకు పదేళ్ల నుంచి ఉంది. కళ్లు పోతే గాజులు పోతాయి. గాజులు పోతే రజియాబీ మూల కూర్చోవాల్సిందే, కూర్చునే రకం కాదు ఆమె.

చిక్కంతా ఎక్కడంటే, ఆమె షుగర్ నాకు దొరికేది కాదు. పరగడుపున నేను వేలు గుచ్చి చూస్తే నూట ఇరవై, నూట ఇరవై అయిదు. నాకున్నంతే. అదే మూడు నెలల సగటు చూపే పరీక్ష చేయిస్తే తొమ్మిదిన్నర. పెద్ద దవాఖానలో డాక్టరు ఆ తొమ్మిదిన్నర చూసి పొద్దుటి గోళీ ఒకటిని రెండు చేశాడు. అయినా దిగలేదు.

"ఏం తింటున్నవు రజియమ్మా?" అని నెలనెలా అడిగేదాన్ని.

"రాత్రి ఒక జొన్న రొట్టె, పప్పు. పొద్దుగాల ఒక రొట్టె, జర పుంటికూర. చాయ్‌ల చక్కెర ఏసుకోను పద్మమ్మా, నీ మీదొట్టు."

నా మీద ఒట్టు అవసరం లేదు, నిజమే చెబుతోందని మొహం చూస్తే తెలిసేది. కోడలు ఇష్రత్ కూడా అదే చెప్పేది. ఇష్రత్ పాతికేళ్ల పిల్ల, భయస్తురాలు, దవాఖాన వాళ్ల మాటంటే ఆమెకు శాసనం. కొడుకు ఉవైస్ గద్వాలలో ట్రాక్టర్ మెకానిక్, పొద్దున్నే పోతే చీకటి పడే వేళకు వస్తాడు.

ఒకరోజు నేను ఆరింటికి వెళ్లాల్సినదాన్ని, ఒక కాన్పు కేసును గద్వాల పంపేసరికి తొమ్మిదిన్నర దాటింది. పరగడుపు పరీక్ష ఎట్లాగూ పోయింది, రేపు చూద్దాంలే అనుకుంటూనే అలవాటు కొద్దీ వాళ్ల తలుపు తోశాను. ఇల్లంతా ఊదు వాసన. రజియాబీ నేల మీద కూర్చుని ఉంది. ఆమె ముందు పళ్లెం నిండా మలీదా. రాత్రి మిగిలిన గోధుమ రొట్టెలు నలిపి, బెల్లం, నెయ్యి కలిపి చేసేదే. మా ఇళ్లలో బతుకమ్మకు చేస్తాం. ఆమె కళ్లు మూసుకుని, ముద్ద మీద ముద్ద, మందు మింగినట్టు మింగుతోంది. ఎదురుగా ఒక చాప పరిచి ఉంది. చాప పక్కన గ్లాసులో నీళ్లు. చాప మీద ఎవరూ లేరు.

"ఏంది రజియమ్మా ఇది?"

"మలీదా." ఉలిక్కిపడలేదు, దాచనూ లేదు. "కూసో పద్మమ్మా. చాప మీద కాదు, ఇటు కూసో."

చూపించిన చోట కూర్చున్నాను. అప్పుడు నాకు భయం వేయలేదు, ఒళ్లు మండింది. "రోజూ తింటవా ఇది?"

"రోజూ."

"మరి నేను అడిగినప్పుడల్లా రొట్టె, పుంటికూర అంటివి?"

ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "నువ్వు తిండి సంగతి అడిగినవు. ఇది తిండి కాదు కద. ఫాతెహా చదివిన తబర్రుక్. దీనికి లెక్క ఉంటదా?"

ఫాతెహా అంటే పోయినవాళ్ల పేరు మీద వాళ్లకు ఇష్టమైన వంటకం పెట్టి, ఖురాన్ సూరాలు చదివి, ఆ తర్వాత ఇంటివాళ్లు తినడం. అట్లా చదివినదే తబర్రుక్, దాన్ని పారేయకూడదు. సామాన్యంగా జుమ్మేరాత్, అంటే గురువారం నాడు చేస్తారు. ఈమె రోజూ చేస్తోంది. ఉవైస్ అప్పటికే వెళ్లిపోయి ఉంటాడు, ఇష్రత్‌కు తీపి పడదు. పళ్లెమంతా ఈమె కడుపులోకే.

వేలు గుచ్చాను. మిషను నాలుగు వందల పన్నెండు చూపింది.

తిట్టాను. గట్టిగానే తిట్టాను. తిడుతూనే, నాకు తెలియని రోగం కాదిది అనుకున్నాను. గుడి వీధిలో పూజారిగారింట్లో చక్కెర పొంగలి ప్రసాదానికి లెక్క లేదు. అచ్చంపేట అవతల మైసయ్య అనే చెంచు పెద్దాయన, "తేనె అడవిది తల్లీ, దాన్ల షుగర్ యాడుంటది" అని దోసిలితో తాగేవాడు. ప్రతి ఇంట్లోనూ ఒక తీపి ఉంటుంది, అది తిండి కింద రాదు. అది కడుపులో పడ్డాక మాత్రం, ఎవరు చదివి ఇచ్చారని రక్తం అడగదు. పైగా పొద్దున పూట, ఖాళీ కడుపున, నెయ్యీ బెల్లమూ గోధుమా. మధ్యాహ్నం దాకా నాలుగు వందల్లో ఉండి, రాత్రికి మెల్లగా దిగి, నేను తెల్లారి వెళ్లేసరికి ఏమీ ఎరగనట్టు నూట ఇరవై దగ్గర కూర్చుంటోంది. ఇన్నాళ్లూ నేను దొంగ పోయిన తర్వాత ఇంటికి కాపలా కాశాను.

"వారానికొకసారి చేసేది రోజూ ఎందుకు?" అన్నాను.

ఆమె ఇష్రత్‌ను పిలిచి, అంగడి తెరిచి కాసేపు కూర్చొమ్మని పంపింది. కోడలి చెప్పుల చప్పుడు వీధి చివరికి పోయేదాకా ఆగింది.

"ఏరు ఊళ్లెకొచ్చిన యాడాది నువ్వు ఈడ లేవు," అని మొదలుపెట్టింది.

రెండువేల తొమ్మిది వరద సంగతి. నేనప్పుడు అచ్చంపేటలోనే ఉన్నాను, టీవీలో చూశాను. ఆ పొద్దున వహాబ్‌కు ఎప్పటిలాగే షుగర్ గోళీ ఇచ్చింది రజియాబీ. గోళీ ఒక్కపూట కూడా తప్పకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడట. రొట్టె కాల్చేలోపు వీధిలోకి నీళ్లొచ్చాయి. పన్నెండేళ్ల ఉవైస్‌ను పట్టుకుని, గాజుల పెట్టె ఒకటి నెత్తిన పెట్టుకుని, పక్కింటి శంకరయ్య మిద్దె ఎక్కారు. ఆ మిద్దె మీద ముప్పై మంది. తినడానికి ఏమీ లేదు. మధ్యాహ్నం దాటాక శంకరయ్య భార్య జానకమ్మ కొంగులో కట్టుకొచ్చిన బెల్లం తలా ఒక ముక్క పెట్టింది.

"ఆయన చేతిల కూడ పెట్టింది. ఆయన నోట్లె ఏసుకోబోయిండు. నేను చెయ్యి పట్టుకున్న. మీకు షుగర్ ఉన్నది, డాక్టరు వద్దన్నడు కద, అన్న. జర ఇయ్యి రజియా, అన్నడు. చేతులు వణుకుతున్నయి. ఒళ్లంత చెమట. తడిసిండు కద, చలికి అనుకున్న. ఆయన చేతిల నుంచి తీసి ఉవైస్‌కు పెట్టిన."

నాకు అర్థమైంది. అర్థం కాకుండా ఉంటే బాగుండేది.

"ఆ తర్వాత ఏందేందో మాట్లాడిండు. అంగడి తియ్యాలె అన్నడు. పండుకున్నడు. పొద్దుగూకంగ లేపితే లేవలే. గుండె ఆగింది అన్నరు. భయంతోని పోయిండు అన్నరు. నేనూ గట్లనే అనుకున్న, ఎనిమిదేండ్లు." తలెత్తి నా వైపు చూసింది. "మసీదు బజార్ల నువ్వు క్యాంపు పెట్టేదాక."

ఆ క్యాంపు నాకు గుర్తుంది. షుగర్ పెరిగితే ఏమవుతుందో ఒక చార్టు, తగ్గితే ఏమవుతుందో ఒక చార్టు. రెండో చార్టు మీద బొమ్మలు: చెమట, వణుకు, మత్తు, పొంతన లేని మాటలు. అందరూ లేచి వెళ్లిపోయాక ఒక ఆడమనిషి దగ్గరికొచ్చి, నీళ్లలో తడిసినవాళ్లకు కూడా ఆ చెమట పడుతుందా అని అడిగింది. ఎందుకడుగుతోందో నేను అడగలేదు. బస్సుకు టైమవుతోంది. "ఎవరికైనా పడ్తది. గోళీ ఏసుకొని తినకుంటే అంతే. అప్పుడు జర చక్కెర నోట్లె ఏస్తె లేచి కూసుంటడు, ఎయ్యకుంటే పానం పోతది," అని చెప్పి చార్టులు చుట్టుకుని వెళ్లిపోయాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఆ మాట ఎవరి మీద పడిందో వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

ఆ మర్నాటి నుంచి ఆమె రోజూ మలీదా చేస్తోంది.

"పొద్దుగాల వస్తడు," అంది రజియాబీ. గొంతులో భయం గాని, సిగ్గు గాని లేవు. "తడి బట్టలతోనే వస్తడు. ఆ చాప మీద కూసుంటడు. నొసటి మీద చెమట ఉంటది. అడగడు పద్మమ్మా, గదే బాధ. అడిగితే ఇస్తుంటి. ఊకె సూస్తడు. నేను ముద్ద మింగితే ఆయన గొంతు దిగినట్టు ఉంటది. అప్పుడు పోతడు."

దయ్యాలను నేను నమ్మను. ఎన్నో చావులు చూశాను, ఒక్కరూ తిరిగి రాలేదు. అయినా ఆ రోజు లేచేటప్పుడు ఆ చాప తొక్కకుండా గోడ వెంబడి నడిచి బయటికొచ్చాను.

గడప దాటబోతుంటే ఆమె చెప్పిన చివరి మాట ఇది: "ఉవైస్‌కు తెల్వనియ్యకు. ఆ బెల్లం తిన్నది వాడు."

నాలుగు నెలల్లో ఒక నెల అప్పటికే అయిపోయింది. మొగుణ్ని చంపానని నమ్మే మనిషికి బెల్లం మానమని చెప్పడం ఎట్లా? అందులోనూ ఆమెకు ఆ నమ్మకం కలిగించింది నేను. రోజుకొకటి చొప్పున దారులు వెతికాను. జుమ్మేరాత్ నాడు మాత్రమే చెయ్యి అన్నాను, తక్కిన ఆరు రోజులు ఆయన ఏం తినాలె అంది. గుడ్డు పెట్టు, గుడ్డుతో షుగర్ పెరగదు అన్నాను, ఆయనకు గుడ్డు వాసన పడదు అంది. వీధిలో పిల్లలకు పంచు అన్నాను, నేను గుంజుకున్నది నేను తినిపియ్యాలె గాని పంచితె ఎట్ల అంది. పాము చావకుండా కర్ర విరగకుండా ఏదో ఒకటి చేయాలని చూస్తే, ఆమె పామూ నాదే కర్రా నాదే అన్నట్టు కూర్చుంది.

చివరికి ఒక మాట అన్నాను. ఇప్పటికీ ఆ మాటకు నాకు సిగ్గేస్తుంది.

"కండ్లు పోతే, ఆయన పొద్దుగాల వచ్చి కూసున్నా నీకు కనబడడు."

ఆమె చాప వైపు చూసింది. తర్వాత, ఏం చెయ్యాల్నో చెప్పు అంది.

చెప్పాను. మలీదా చెంచాడు చాలు, బెల్లం పేరుకు మాత్రమే. అదీ ఖాళీ కడుపున కాదు. ముందు జొన్న రొట్టె, పుంటికూర, ఒక ఉడకబెట్టిన గుడ్డు తినాలి, ఆయన కోసం కాదు ఆమె కోసం. ఆఖరున ఆ చెంచాడు. తినగానే కూర్చోకుండా ఏటి ఘాట్ దాకా నడిచి రావాలి. మిగతాది ఇష్రత్ పొద్దున్నే వీధి పిల్లలకు పెట్టేస్తుంది. నేను పరగడుపున కాదు, తిన్న రెండు గంటలకు వచ్చి వేలు గుచ్చుతాను. ఇంతే. మందులేమీ మార్చలేదు. మందుల సంగతి నాకు తట్టనే లేదు.

మొదటి వారం రెండు వందల తొంభై. రెండో వారం రెండు వందల ఐదు. మూడో వారం నూట అరవై. ఆ నూట అరవై చూసి నేను ఊరంతా చెప్పుకున్నాను. పల్లె దవాఖానలో అనిత అని కొత్తగా చేరిన పిల్ల ఉంది, దానికైతే షుగర్ దింపడం ఎట్లాగో అరగంట పాఠం చెప్పాను.

రజియాబీ మాత్రం సంతోషపడలేదు. "ఆయన ఇప్పుడు చాప మీద కూసుంటలేడు," అంది ఒకరోజు నడిచి వస్తూ. "నిలబడుతున్నడు. నిన్న నా ఎంబడి ఘాట్ దాక వచ్చిండు. ఆకలైతున్నట్టున్నది." ఎండ చుర్రుమంటోంది, చుట్టూ గుడికొచ్చిన జనం, స్నానాలు చేస్తున్న పిల్లల కేకలు. ఆమె మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తోంది. ఒకసారి నేనూ తిరిగి చూశాను. మెట్ల మీద ఎవరివో తడి అడుగులు ఉన్నాయి. స్నానం చేసి వెళ్లినవాళ్లవే అయి ఉంటాయి, ఘాట్ మెట్ల మీద తడి అడుగులు కాక మరేముంటాయి. అయినా అక్కణ్నుంచి ఇంటిదాకా నేను వెనక్కి చూడలేదు.

బెల్లం కోసం ఆమె మళ్లీ జారుతుందని నాకు అనుమానం వచ్చింది. ఆ సాయంత్రమే ఇష్రత్‌ను పక్కకు పిలిచి కాపలా పెట్టాను.

"బెల్లం, చక్కెర పెట్టెల ఏసి తాళం ఎయ్యి. పొద్దుగాల ఆ చెంచాడు తప్ప, మీ అత్త ఎంత అడిగినా, ఎట్ల అడిగినా తీపి పెట్టకు. మామ అడుగుతున్నడని కూడ అంటది, నమ్మకు. కండ్లు కావాల్నంటే గట్టిగుండాలె."

"సరే మేడం," అంది ఇష్రత్. ఆ పిల్ల సరే అంటే సరే.

తర్వాతి బుధవారం, పొద్దున పదకొండు గంటల వేళ, నేను పిల్లలకు టీకాలు వేస్తుండగా ఇష్రత్ ఫోన్ చేసింది. గొంతులో చిన్న గర్వం కూడా ఉంది.

"మేడం, మీరు చెప్పినట్టే అయింది. అమ్మీ బెల్లం అడుగుతున్నది. నేను పెట్టలే."

"మంచిపని చేసినవు," అన్నాను, సూది చేతిలో పట్టుకుని.

"ఒకటే తీర్గ అడుగుతున్నది. ఆయనకు జర ఇయ్యి, ఆయనకు జర ఇయ్యి అంటున్నది. మామ పేరు చెప్తదని మీరు ముందే చెప్పిన్రు కద. నేను ఇననట్టే ఉన్న."

నా చేతిలో సూది ఆగింది. "ఇష్రత్, చెమట పట్టిందా?"

"పట్టింది మేడం. జాకెటు మొత్తం తడిసింది. గుడ్డు ఒద్దని సగం రొట్టె తిని నడవనీకె పోయింది, ఎండకు పట్టిందనుకున్న."

ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితి తొట్లో పడ్డట్టు, ఆ క్షణంలో నేను చేసిన పని నాకు కనపడింది. డాక్టరు గోళీ రెండు చేసింది మలీదాతో పెరిగిన షుగర్‌ను చూసి. మలీదాను నేను చెంచాడుకు దించాను. గోళీ రెండూ అట్లాగే ఉన్నాయి. పైన నడక పెట్టాను. ఇంకా పైన, నోట్లో చక్కెర పడకుండా తాళం వేయించాను.

"పిలిస్తే పలుకుతున్నదా? మింగగలదా?"

"పలుకుతున్నది గానీ నన్ను ఇష్రత్ అంటలేదు. జానకమ్మా అంటున్నది."

"చక్కెర తీసి నీళ్లల్ల కలిపి తాపియ్యి. ఇప్పుడే. ఫోన్ పెట్టెయ్యకు, పక్కన పెట్టి తాపియ్యి."

"మీరే వద్దన్..."

"నేను చెప్తున్న, తాపియ్యి."

టీకాల డబ్బా అనితకు ఇచ్చి పరుగెత్తాను. యాభై తొమ్మిదేళ్ల మనిషిని, మోకాళ్లు నొప్పులు, గుడి వీధి పొడవునా పరుగెత్తాను. చెవి దగ్గర ఫోన్లో పెట్టె తాళం చప్పుడు, గ్లాసు పడిన చప్పుడు, ఇష్రత్ ఏడుపు. వాటి మధ్యలో రజియాబీ గొంతు, నెమ్మదిగా, బతిమాలుతున్నట్టు: "ఆయన చేతిలదే కద, ఆయనకు ఇయ్యి." ఆ పరుగులో నాకు ఏ వీధీ కనపడలేదు. నేనెన్నడూ చూడని మిద్దె ఒకటి కనపడింది. దాని మీద ముప్పై మంది, చుట్టూ నీళ్లు, అందరి చేతుల్లో తలా ఒక ముక్క.

నేను వెళ్లేసరికి ఇష్రత్ అత్త తలను మోచేతి మీద పెట్టుకుని గ్లాసు పట్టుకుని ఉంది. సగం నీళ్లు మెడ మీదికి కారాయి, సగం లోపలికి పోయాయి. మిషను నలభై ఆరు చూపింది. నా సంచిలో ఉన్న గ్లూకోజు పొడి ఇంకో గ్లాసు కలిపి గుక్క గుక్కగా తాగించాను. పావుగంటకు డెబ్భై రెండు. ఆమె చూపు మళ్లీ మనుషుల మీద నిలబడింది. నన్ను చూసి, టీకాలు అయిపోయినయా అని అడిగింది.

అప్పుడు డాక్టరుకు ఫోన్ చేసి జరిగింది దాచకుండా చెప్పాను. ఆయన నన్ను తిట్టాడు, తిట్టవలసిందే. మర్నాటి నుంచి గోళీ సగం చెయ్యమన్నాడు, ఈ రోజంతా గంట గంటకూ వేలు గుచ్చి చూస్తూ ఉండమన్నాడు. ఆ గోళీ షుగర్‌ను ఒకసారి దించాక మళ్లీ దించుతుంది.

ఇష్రత్ గోడకు చేరగిలబడి వెక్కి వెక్కి ఏడుస్తోంది. "నేను ఇయ్యలే అమ్మీ. మీరు చేతులు సాపి అడిగిన్రు. తాళంచెవి నా కొంగులనే ఉండె. నేను అటు తిరిగి బట్టలు మడతపెట్టుకుంట కూసున్న." అదే మాట నాలుగుసార్లు అంది. ఇది నీ తప్పు కాదు, నాది, అని నేను చెప్పాను. ఆ పిల్ల చెవికి ఎక్కలేదు. ఆ చూపు నాకు తెలుసు. ఆ ఇంట్లో ఆ చూపు ఇదివరకే ఒకరికి ఉంది.

రజియాబీ లేచి కూర్చుంది. కోడల్ని దగ్గరికి రమ్మని, కొంగుతో మొహం తుడిచింది.

"ఎందుకు ఏడుస్తవు బేటా. నువ్వు ఇయ్యలేదని నాకు యాదికే లేదు."

"ఇన్ని సార్లు అడిగితిరి..."

"అడిగిన్నా? తెల్వదు. ఎవరో అడుగుతున్నరు, ఎవరో వద్దంటున్నరు. దూరంకెల్లి ఇనబడ్డట్టుండె. నా మాటనే అని కూడ తెల్వలే. నీ మీద కోపం గిట్ల ఏం రాలే. నువ్వెవరో తెలిస్తె కద కోపం రానీకె. జర చల్లగయింది. నిద్రొచ్చింది. గంతే."

ఆ మాట అన్నాక ఆమె చెయ్యి ఇష్రత్ చెంప మీదే ఆగిపోయింది.

ఆమె ఏం వింటోందో నాకు అర్థమైంది. తన నోట్లోంచి వచ్చిన మాటే ఆమె వింటోంది. నేను గ్లూకోజు మూత పెట్టడం ఆపేశాను.

"పద్మమ్మా," అంది చివరికి. "అయితే ఆయన నా మీద కోపంతోని పోలేదా?"

పోయేవాళ్లకు ఎట్లా ఉంటుందో ఏ చార్టు మీదా రాయలేదు. నేను ఆమె పక్కన కూర్చుని, "లేదు రజియమ్మా. నిద్రొచ్చి పండుకున్నడు," అన్నాను.

ఆమె ఏడ్చింది. గట్టిగా, నోరు తెరిచి, చావింట్లో ఆడవాళ్లు ఏడ్చినట్టు ఏడ్చింది. మిద్దె సంగతి తెలియని ఇష్రత్ బెదిరిపోయి నా వైపు చూసింది. ఆ క్యాంపు నాటి నుంచి ఎనిమిదేళ్లుగా ఆమె తన తప్పు కోసమే ఏడ్చింది. ఆ ఎనిమిదేళ్లలో తన మొగుడు చనిపోయాడని ఏడవడం అదే మొదటిసారి.